చెంబెడు పాలు

బస్తర్ సంస్థానంలో, చింతలనార్ దగ్గరి కలప డిపోలో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో మాకు ఆడపిల్ల పుట్టింది. రెండో నెలలోనే నా భార్యకు చలిజ్వరం పట్టి పాలు ఎండిపోయాయి. చుట్టుపక్కల దొర్ల తెగ గిరిజనుల ఊళ్లలో ఆవులకు కొదవ లేదు, పాలు పితికేవాళ్లే లేరు. పాలు దూడవని వాళ్ల నమ్మకం. అందుకని భద్రాచలం వైపు నుంచి ఒక పాడి ఆవును తోలించాను.

ఉగ్గుగిన్నెతో పట్టిన పాలు పిల్ల కక్కేసేది. బుగ్గల నిండా దద్దుర్లు లేచాయి, విరేచనంలో నెత్తుటి జీర కనిపించింది. పాలు చాలక అలా అవుతోందని మా అమ్మ కక్కిన ప్రతిసారీ మరో గిన్నె పట్టేది.

పిల్ల దక్కదనిపించి ఊరి పటేల్‌కు కబురు పెట్టాను. సంస్థానంలో వెట్టి మామూలు. డిపో అడిగితే మనిషిని పంపాలి. దుంగలు మోయడానికి మగవాళ్లను పంపినట్టే, చంటిబిడ్డ తల్లిని ఒకామెను పంపాడు. చంకలో కొడుకు, గుండ్రంగా ఉన్నాడు. ఆమె పాలు తాగిన పది పన్నెండు రోజులకు మా పిల్ల బుగ్గలు నున్నబడ్డాయి. నెత్తురు ఆగింది.

అక్కడితో ఊరుకోవలసింది. ఆమె బక్క చేతులు చూసి మా అమ్మకు దిగులు పట్టుకుంది.

"అంబలి తాగెటిదానికి పాలేడికెల్లి వస్తయి? నీళ్లే వస్తయి. ఇగో, పొద్దున చెంబెడు, మాపటికి చెంబెడు తాగాలె."

ఆమె వాసన చూసి చెంబు పక్కన పెట్టింది. "ఇయ్యి లేగవి గదమ్మా. మేం తాగం."

"తాగవే! ఏందే, విషం పెట్టినట్టు మూతి తిప్పుతున్నవ్? మీవోళ్లకు పాలంటే ఏందో తెలిస్తే గద!"

చెంబు ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసే పని నాది. ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి తాగేది. ఒకరోజు కక్కుకుంది. నేల కడిగించి మళ్లీ తాగించాను.

వారం తిరగకుండా మా పిల్లకు మళ్లీ నెత్తురు పడింది. ఆమె కొడుకేమో అదే రొమ్ము తాగి ఆడుకుంటున్నాడు.

"చూస్తున్నవా రా? మంచిపాలన్నీ దాని పోరనికి దాస్తుంది. ఏమన్న మిగిలితె మన పిల్లకు," అంది అమ్మ.

నేను నమ్మాను. పిల్లవాణ్ణి వెనక అరుగు మీదికి చేర్చి, డిపో కావలివాడి భార్య చేత జావ పోయించాం. ఆమెకు ఆవుపాలు రెట్టింపు చేశాం. కొడుకు ఏడ్చినప్పుడల్లా ఆమె చీర ముందంతా తడిసిపోయేది.

"ఒక్కపాలి తాపనీ బాబూ. మీ పాప తాగినంకనే," అంది నాతో.

మంచంలోంచి నా భార్య కూడా, "పోనీయరాదు అత్తమ్మా," అంది.

"నీకు పాలుంటే మాకీ తిప్పలేంది?" అంది అమ్మ.

పిల్లవాడికి జావ ఇమడలేదు. కడుపు జారి, తొమ్మిదో రోజు మధ్యాహ్నం పోయాడు. ఆమె వాణ్ణి కొంగులో చుట్టుకుని బయలుదేరింది. అమ్మ వాకిట్లోకి వెళ్లి, "పాపకు ఒక్కపాలి ఇచ్చి పోరాదే," అని కేకేసింది. ఆమె ఆగలేదు.

ఆ వారమే ఆవు వట్టిపోయింది. పటేల్ ఇంకొకామెను పంపాడు. తాగించడానికి పాలు లేవు గనుక ఆమె ఉత్త అంబలి తాగుతూనే మా పిల్లకు పాలిచ్చింది. పిల్ల కోలుకుంది.

"ఈమెయి మంచిపాలు. దానియి విషప్పాలు, సొంత పోరన్నే తిన్నది," అని మా అమ్మ సంతలో చెప్పింది. ఆ మాట ఊరికి చేరిందని, మొదట వచ్చినామెను ఎవరూ గడప తొక్కనివ్వడం లేదని కావలివాడు అన్నాడు. నేను వెళ్లి కాదని చెప్పలేదు.

నేను డిపో వదిలి, పత్రికలో ఉద్యోగం చేసి రిటైరైన చాలా కాలానికి, అదే కూతురి మనవడికి అవే దద్దుర్లు, అదే నెత్తురు. వాడు తల్లిపాలు తప్ప ఎరగడు. డాక్టరు తల్లిని పాలు, పెరుగు మానమన్నాడు. కొందరు పసివాళ్లకు ఆవుపాలు పడవని, తల్లి తాగినా వాటిలోని మాంసకృత్తులు చనుబాలలోకి చేరతాయని, చాలామందికి పెరిగేకొద్దీ ఈ బాధ పోతుందని చెప్పాడు. తల్లి మానేసిన కొద్ది వారాలకు వాడు తేరుకున్నాడు.

అప్పుడు మా అమ్మాయికి ఇదంతా చెప్పాను.

"తెలవక చేసిన్రు గద నాన్నా," అంది.

తెలియనిది ఆవుపాల సంగతి. ఆమె కొడుకు ఆకలికి ఏడుస్తున్నాడని నాకు తెలుసు. ఆ ఏడుపు వింటే ఆమె పాలు చీరకు పోతున్నాయని, వినబడకుండా వెనక తలుపు మూయించింది నేనే.