ఓడినోడి ఈపు

ఒరే బుజ్జీ, ఇలా కూకోని సక్కగా ఇను. నీ టీవీ కుస్తీలో మగోళ్ల బెల్టని, ఆడోళ్ల బెల్టని, వారానికో షో ఏసి కొట్టుకుంతారే, ఆళ్లంటే నాకు అనుమానవేరా.

నా సిన్నప్పుడు శ్రీకాకుళంలో కుస్తీ డేరా ఏస్తే అయ్య తీసికెళ్లాడు. నాకిష్టవైన ఎర్ర లాగు ఏసుకున్నోడిని మీసాలోడు ఎత్తి కుదేసినాడు. ఏడిసి కూడు మానీసినాను. తెల్లారి నాగావళి ఒడ్డున సూస్తే, ఆ మీసాలోడే ఎర్రలాగోడి ఈపుకి ఎచ్చటి ఆముదం రాస్తన్నాడు.

"దొంగాట అయ్యా ఇది," అన్నాను.

"దగ్గరికెళ్లి ఈపు సూడే," అన్నాడు అయ్య.

కమిలిపోయి నల్లగా ఉన్నాది. ఆట ముందే మాటాడుకున్నారు గానీ దెబ్బ నిజివేరా. 

"అత్తా, కూడు సల్లారిపోతంది, రా."

వస్తన్నానే కోడలా. ఒరే, నీ టీవీవోళ్లు ఓడినోడికి ఆముదం ఎవుడు రాస్తాడో సూపించరు, అందుకే నేను ఆళ్లని నమ్మనురా.