సగం మాత్ర బరువు

ఒక ఆసుపత్రిలో ఏ మందులు కొనాలో, ఏవి కొనకూడదో నిర్ణయించే సంఘానికి నేను ఇరవై ఆరేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నాను. ఆ కాలంలో మా ముందు ప్రతిపాదనలు పెట్టినవారు వందల మంది. అందరూ తమ ప్రతిపాదన సరైనదని రుజువు చేయడానికే వచ్చారు. తనది తప్పని రుజువు చేయడానికి రెండోసారి వచ్చిన మనిషిని ఒక్కరినే చూశాను. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. నేను కళ్ళారా చూసినది ఏదో, ఇతరుల నోట విన్నది ఏదో వేరు చేసి ఆమె సంగతి రాస్తున్నాను.

ఫార్మసీలో డాక్టరేట్ ఆరేళ్ళ చదువు. మందు తయారయ్యే తీరుతో మొదలై, శరీరంలో అది చేసే పని మీదుగా సాగి, చివరికి వార్డులో రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవడంతో ముగుస్తుంది. దానికి మరో ఏడాది, సాయంకాలపు తరగతులు కలిపి ఎంబీఏ కూడా చేసుకొనే ఏర్పాటు మా ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీలో ఉండేది. ఏటా నలుగురైదుగురు చేరేవారు, మూడో నెల తిరిగేసరికి ఇద్దరు జారుకొనేవారు. ఈమె జారుకోలేదు. తెల్లకోటు, వార్డు నోటుపుస్తకం ఉన్న సంచి కుడి భుజానికి, ల్యాప్‌టాప్ సంచి ఎడమ భుజానికి తగిలించుకొని మెట్లెక్కేది కనుక తోటివాళ్ళు ‘జోడుసంచులు’ అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేది కూడా.

ఆమె తండ్రి లిఫ్టులు మరమ్మతు చేసే మెకానిక్. రెండు గదుల ఇల్లు. వంటగది బల్లే ఆమె చదువుల బల్ల. అదే ఇంట్లో ఉండే మేనత్తకు మాత్రం ఈ జంట చదువు ఎన్నడూ మింగుడు పడలేదని ఆ తండ్రే నాకు చెప్పాడు.

“మందులమ్ముకోవడానికి ఒక చదువు చాలదటే? మన వీధి చివర మందుల షాపతను పది పాసై మేడ కట్టాడు.”

“ఆయనకి మేడ ఉందత్తా, నాకు రేపు పరీక్ష ఉంది. ఆ తలుపు కాస్త దగ్గరగా వేసి వెళ్ళు.”

మేనత్త ప్రశ్నను నేను తీసిపారేయను. ఆ ప్రశ్న నాకూ ఉండేది. మందు ఒంట్లో ఏం చేస్తుందో తెలిసినవాడికి దాని ఖర్చు తెలియదు. ఖర్చు తెలిసినవాడికి ఒంటి సంగతి పట్టదు. ఆసుపత్రిలో వీళ్ళిద్దరూ ఒకే వరండాలో నడుస్తూ ఒకరినొకరు పలకరించుకోరు. ఇద్దరినీ ఒకే తలలో కూర్చోబెడితే మాట్లాడుకుంటారా, లేక అక్కడా ముఖాలు తిప్పుకుంటారా అనేదే నా సందేహం.

మొదటిసారి ఆమె మా ముందుకు వచ్చింది ఎంబీఏ ప్రాజెక్టుతో. చాలా మందులు పెద్ద మాత్రగానూ, అందులో సరిగ్గా సగం మోతాదున్న చిన్న మాత్రగానూ దొరుకుతాయి. ధర మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. చిన్నవి కొనడం మానేసి, పెద్దదాన్ని రెండుగా విరిచి వాడుకోమంటే ఆ మందుల మీద ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఇదీ ఆమె చెప్పినది. పదకొండు మందుల జాబితా ఇచ్చింది. విరిస్తే పాడయ్యేవాటిని ముందే తీసేసి, నడుమ గీత ఉన్నవాటినే ఉంచింది. ఒక్కో మందులో ఇరవై మాత్రలు ప్రయోగశాలలో తానే విరిచి, ముక్కలు తూచి, తేడా స్వల్పమని పట్టిక చూపించింది. ఆ వయసులో అంత జాగ్రత్త అరుదు. సంఘంలో ఉన్న ఎనిమిది మందిలో ఒక్కరమైనా అడ్డు చెప్పలేదు. తీర్మానం మీద మొదటి సంతకం నాదే.

ఆమె ఎంబీఏ ప్రొఫెసరును విద్యార్థులు ‘కత్తెర సారు’ అనేవారు. ఎవరు ఎన్ని పేజీలు రాసి తెచ్చినా సగం కోసి చేతిలో పెట్టేవాడు. ఆయన ఈ ప్రాజెక్టుకు తొంభై ఒక్క మార్కులు వేశాడు. అది విని ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ తమ కొనుగోళ్ళ విభాగంలో ఉద్యోగమిస్తామని ఉత్తరం పంపింది. రెండు పట్టాలూ జూన్‌కల్లా చేతిలో ఉండాలన్నది ఒక్కటే షరతు.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు, వార్డు శిక్షణ చివరి విడతలో, ఆమెకు ఒక వడ్రంగి తారసపడ్డాడు.

గుండె కవాటం మార్చినవారు రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర జీవితాంతం వేసుకోవాలి. మోతాదు కాస్త ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే గడ్డకడుతుంది. రక్తపరీక్షలో వచ్చే అంకె రెండుకూ మూడుకూ మధ్య నిలవాలి. ఆమె జాబితాలోని పదకొండింటిలో ఆ మందూ ఉంది. వడ్రంగి ముక్కులోంచి రక్తం ఆగక వచ్చి చేరాడు. అంకె ఐదు దాటింది. ఆ ఉదయం మంచం దగ్గర డాక్టరుగా నేనూ ఉన్నాను.

“తాతా, మాత్ర రోజూ వేసుకుంటున్నావా?” అని అడిగిందామె.

“వేసుకోకపోతే ఇది బతకనిస్తుందా?” అని ఆయన పక్కనున్న భార్యను చూపించాడు.

“సగమేనా?”

“సగమే. నా ఉలితో కొడతాను. నలభై ఏళ్ళు చెక్క చెక్కిన చెయ్యమ్మా, వెంట్రుకవాసి తేడా రాదు.”

“అబ్బో, వెంట్రుకవాసే!” అంది భార్య. “ఆ డబ్బా తియ్యి. డాక్టరమ్మే చెబుతుంది.”

డబ్బాలో ముక్కలున్నాయి. కొన్ని గోరంత, కొన్ని దాదాపు మాత్రంత. అడుగున పొడి.

“మరి ఏ రోజు ఏ ముక్క వేసుకోవాలో ఎలా చూసుకుంటావు తాతా?”

“ఒంట్లో బాగుంటే చిన్నది. ఆయాసంగా ఉంటే పెద్దది. వారం చివర పొడంతా నీళ్ళలో కలుపుకుని తాగేస్తాను. మందు కదమ్మా, పారేస్తే పాపం!”

చుట్టూ ఉన్న విద్యార్థులు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆమె మాత్రం రాస్తున్న కలం ఆపి ఆ డబ్బా వంక చూస్తూ ఉండిపోయింది. ఆమె పట్టికలో సగమంటే సగమే. పెద్ద సగం, చిన్న సగం, ఆదివారపు సగం అనే గడులు అందులో లేవు.

వడ్రంగి కోలుకొని ఇంటికి వెళ్ళాడు. ఆమె చెప్పిన మీదట ఆ ఒక్క మందుకు చిన్న మాత్రలు వెంటనే తెప్పించాను. పాత మాత్రలు మార్చుకోవడానికి నలభై రెండు మంది రోగులు వరసగా వచ్చారు. ఆమె కాలేజీ నుంచి సున్నితపు త్రాసు తెచ్చి మందులిచ్చే కిటికీ పక్కన బల్ల వేసుకొని కూర్చుంది. కొత్త మాత్రలు ఇచ్చే ముందు ఒక్కొక్కరినీ ఐదేసి పాత మాత్రలు విరవమంది. ఇంట్లో విరిచినట్టే, ఇంట్లో వాడే పనిముట్టుతోనే. కొందరు పళ్ళతో కొరికారు. ఒకావిడ తలుపు సందులో పెట్టి నొక్కుతానంటే ఆసుపత్రి తలుపే చూపించింది. రెండు వందల పది మాత్రల్లో పంతొమ్మిది పొడి అయ్యాయి. మరో తొంభై ఆరింటిలో ఒక ముక్క రెండోదానికన్నా మూడో వంతుకు పైగా బరువు తూగింది. వాళ్ళందరి రక్తపరీక్షల పాత చీటీలు కూడా తీసింది. విరవడం మొదలుపెట్టక ముందు మూడింట రెండు వంతులకు పైగా అంకెలు హద్దులో ఉండేవి. తర్వాత సగం కూడా లేవు.

ఆ కాగితాలతో నా గదికి వచ్చి, ప్రాజెక్టు మొత్తం ఉపసంహరించుకుంటానంది. నేను ఆమె మేలు కోరే మరో దారి చెప్పాను.

“చూడమ్మా, ఆ ఒక్క మందూ జాబితాలోంచి తీసేశాం. మిగతా పది అంత ప్రమాదమైనవి కావు. నీ ప్రాజెక్టు జోలికి పోకు. జూన్ ఎంతో దూరం లేదు.”

“మిగతా పదింటికీ నేను కిటికీ పక్కన కూర్చోలేదు సార్. కూర్చోలేదు కాబట్టే అవి బాగున్నట్టు కనిపిస్తున్నాయి.”

సాక్ష్యం లేనిచోట తీర్పు చెప్పకూడదని కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పినవాణ్ణి. నేను చెప్పినది సరిగ్గా అలాంటి తీర్పే.

కత్తెర సారు మరింత స్పష్టంగా చెప్పాడట. ఈ మాటలు ఆయనే తర్వాత నాకు ఒప్పజెప్పాడు. “రాసినదే తప్పని రాసినవాళ్ళే అంటే నేను వేసిన మార్కు నిలవదు. రద్దు చేస్తాను. మళ్ళీ మొదటి నుంచి. నీ మీద జాలితో నిబంధన మార్చను.”

“మార్చమని అడగడానికి రాలేదు సార్. ముందే చెప్పడానికి వచ్చాను.”

ఆ సాయంత్రం ఇంట్లో జరిగినది ఆమె తండ్రి చెప్పగా విన్నాను. ఉద్యోగం ఉత్తరం బల్ల మీదే ఉంది. మేనత్త గొంతు పెంచింది.

“ఆసుపత్రి పెద్దాయనే వద్దంటుంటే నీకెందుకే ఈ తలనొప్పి? నీ మీద నువ్వే పిటిషన్ పెట్టుకుంటావా?”

తండ్రి అన్నం తింటూనే అడిగాడట: “తాడు తెగిందా, అనుమానమా?”

“ఒకటి తెగింది నాన్నా. పదింటి మీద అనుమానం.”

“అయితే లిఫ్టు ఆపాలి. పై అంతస్తులవాళ్ళు తిడతారు. నన్ను రోజూ తిడుతూనే ఉన్నారు, ఏమైంది?”

సంఘం సమావేశంలో ఆమె చూపిన మొదటి పట్టిక తన పాత పట్టికే. దాని కింద కొత్తగా ఒక వరుస చేర్చింది: ‘ఈ మాత్రలు విరిచినది ఇరవై మూడేళ్ళ విద్యార్థిని. కూర్చొని, మంచి వెలుతురులో, చేతులు వణకకుండా, కళ్ళద్దాల అవసరం లేకుండా.’ అంతకన్నా కఠినమైన ఆత్మవిమర్శను నేను ఏ పత్రికలోనూ చదవలేదు. రెండో పట్టిక నలభై రెండు మందిది. ఆ కాలంలో రక్తస్రావంతో చేరిన ఇద్దరి పేర్ల పక్కన ‘కారణం ఇదేనని చెప్పలేను’ అని రాసుకుంది. వాదన గెలవడానికి అక్కరకు వచ్చే ఆ ఇద్దరినీ ఆమె వాడుకోలేదు. అప్పుడే నా వెన్ను నిటారుగా అయింది.

మందుల గిడ్డంగి అధికారి ఊరుకోలేదు. “అమ్మాయ్, పోయినేడు చిన్నవి కొనొద్దన్నది నువ్వే. ఇప్పుడు కొనమంటున్నదీ నువ్వే. మేం ఏ అమ్మాయిని నమ్మాలి?”

“తర్వాత వచ్చిన అమ్మాయిని సార్. ఆమె రోగుల్ని చూసింది.”

తీర్మానం రద్దయింది. దాని మీద కూడా మొదటి సంతకం నాదే. మొదటిసారి ఎనిమిది మందిమి అడగవలసి ఉండీ అడగని ప్రశ్న ఒక్కటే: విరిచేది ఎవరు? ఆ ప్రశ్న అడగడానికి ఏ పట్టా అక్కరలేదు. అయినా మాలో ఎవరికీ తట్టలేదు.

కత్తెర సారు అన్నంత పనీ చేశాడు. తొంభై ఒకటి కొట్టివేసి సున్నా పెట్టాడు. జూన్‌లో ఆమె ఒక్క పట్టానే అందుకుంది. ఉద్యోగమిస్తామన్న సంస్థను గడువు అడిగింది. వారు మర్యాదగా మరొకరిని తీసుకున్నారు. ఈ నష్టానికి ఎవరూ పరిహారం ఇవ్వలేదు, ఇచ్చారని రాస్తే అది అబద్ధమవుతుంది.

తర్వాతి ఏడు నెలలు, వారానికి నాలుగు రోజులు, ఆమె ఆ కిటికీ పక్క బల్ల దగ్గరే ఉంది. త్రాసు ఒకవైపు, ల్యాప్‌టాప్ మరోవైపు. నేను అటుగా వెళ్ళినప్పుడల్లా ఆగి చూసేవాణ్ణి. ఒక ముసలివాడు వణికే చేతులతో మాత్ర విరుస్తుంటే సాయం చేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకొని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చొనేది. సాయం చేస్తే అంకె చెడుతుంది. చేయకపోతే మనసు చెడుతుంది. ఆ రెండింటి మధ్య ఆమె ముఖం చూడలేక నేను కదిలిపోయిన రోజులున్నాయి.

తేలినది ఇది. పది మందుల్లో నాలుగింటిని విరవకూడదు. ఆరింటిని నిక్షేపంగా విరుచుకోవచ్చు. ముక్క కాస్త అటూ ఇటూ అయినా ఆ ఆరింటివల్ల రోగికి తేడా రాదు. అంటే ఆమె మొదటి ఆలోచనలో సగానికి పైగా సరైనదే. నేను, గిడ్డంగి అధికారి, మేనత్త ఎవరమైనా రెండు కొసల్లో ఒకదాన్ని పట్టుకొనేవాళ్ళం, అన్నీ విరవడమో ఏదీ విరవకపోవడమో. ఆ ఆరూ ఈ నాలుగూ విడదీయడానికి మందు సంగతీ ఖర్చు సంగతీ రెండూ ఒకే తలలో కూర్చొని, ముఖాముఖి, చాలాకాలం మాట్లాడుకోవలసి వచ్చింది. నా సందేహానికి జవాబు దొరికింది. అంత స్థిరంగా నిలబడిన జవాబును నేను నా వృత్తిలో తక్కువగా చూశాను.

చివరి మౌఖిక పరీక్షకు బయటి పరీక్షకుడిగా నన్ను పిలిచారు. కత్తెర సారు నివేదిక అంతా తిప్పి, కోయడానికి ఏమీ దొరకక కాబోలు, కళ్ళద్దాలు తీసి అడిగాడు.

“ఇదీ తప్పని తేలితే?”

“తేలిన రోజు మళ్ళీ వస్తాను సార్.”

ఆయన మార్కు వేసి కాగితం ఆమె వైపు తిప్పాడు. ఎనభై ఎనిమిది. ఆమె ఆ అంకె చూసింది.

“పోయినసారికన్నా మూడు తక్కువ సార్. ఎక్కడ తగ్గిందో చెబితే దిద్దుకుంటాను.”

“ఎక్కడా తగ్గలేదు,” అన్నాడు కత్తెర సారు. “పోయినసారి నువ్వు చెప్పిందంతా నమ్మేశాను. ఈసారి చదివాను.”

ఆమె నవ్వలేదు. “అయితే ఇదే సరైన మార్కు సార్,” అని కాగితం తీసుకొని, దాని కింద తన సంతకం చేసింది.