రన్‌వే దగ్గర నేను చేయించుకున్న సిఫారసు

ఆకాశంలో ట్రాఫిక్ ఉండదని అనుకునేవాళ్లంటే నాకు అసూయ. పైలట్‌గా నేను ఎగిరిన సమయం ఎంతో లాగ్‌బుక్‌లో ఉంది. ఎగరనివ్వమని బతిమాలుకున్న సమయం మాత్రం ఎక్కడా రాసి లేదు. ముఖ్యంగా ఆ మహానగరం విమానాశ్రయంలో. అక్కడినుంచి తిరుపతికి వెళ్లే చిన్న విమానం మాది. పెద్ద విమానాలన్నీ వెళ్లిపోయాక, దిగాల్సినవన్నీ దిగాక, టవర్‌లో కూర్చున్న కంట్రోలర్ మహానుభావుడికి మేం గుర్తొచ్చేవాళ్లం. అప్పటిదాకా ఒకటే మాట, "స్టాండ్ బై". వెనక గుండు చేయించుకోవడానికి బయల్దేరిన కుటుంబాలు సీటు జేబులోని కార్డులతో విసురుకుంటూ ఉండేవి. ఇంకోసారి అడిగితే ఆయనకు కోపం వచ్చేది.

దిగేటప్పుడూ అంతే. ఊరి మీద చుట్లు తిప్పేవాడు. నాలుగో చుట్టుకల్లా కింద ఏ మిద్దె మీద వడియాలు ఎండబెట్టారో మాకు తెలిసిపోయేది. ఇక మంత్రిగారి విమానం వస్తోందంటే అందరం నోరు మూసుకోవాల్సిందే. తిరుపతిలో పుట్టినవాణ్ణి నేను. దర్శనానికి కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చుని, పెద్దమనుషులు పక్కదారిన లోపలికి పోవడం చూస్తూ పెరిగాను. ఆకాశంలోనూ అదే వరస అని తెలిశాక ఒళ్లు మండేది.

కంట్రోలర్లకు మాత్రం తిరుపతి పైలట్లంటే తగని ప్రేమ. విమానం ఎక్కేముందు వాతావరణం కాగితాల కోసం వాళ్ల ఆఫీసుకు వెళ్తే, కాగితం ఇవ్వకముందే లడ్డు అడిగేవారు. లడ్డు ఇచ్చిన రోజు రన్‌వే త్వరగా దొరుకుతుందని మా పైలట్ల నమ్మకం. నేను ఇచ్చేవాణ్ణి కాదు. నాకు నియమాలున్నాయని కాక్‌పిట్‌లో ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. పాపం, కో-పైలట్‌కు లేచి వెళ్లే వీలు ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున్నే మా నాయనకు గుండెనొప్పి వచ్చింది. తిరుపతి ఆసుపత్రిలో సాయంత్రం ఆరుకు ఆపరేషన్ అన్నారు. ఏ మాటా ముందే చెప్పలేమన్నారు. నాయన ఫోన్‌లో, "ఇద్దురూ రాండి రా. మీ మొగాలు సూసి లోపలికి పోతాను" అన్నాడు. చెల్లెలిది ఢిల్లీలో ఉద్యోగం. దొరికిన విమానం ఎక్కి, మహానగరంలో దిగి, రైలు పట్టుకుని వస్తానంది. ఏ విమానమో చెప్పే తీరిక కూడా లేదు. నాకెలాగూ ఆ మధ్యాహ్నం తిరుపతి డ్యూటీ ఉంది.

ఆ రోజు మా దేవుడి గూట్లో ఉన్న రెండు లడ్డూలు పొట్లం కట్టుకుని వెళ్లాను. డ్యూటీకి పోతున్న కంట్రోలర్ చేతిలో పెట్టి, "ఏమీ అనుకోవద్దప్పా, నాయనకు ఆపరేషన్. ఈ ఒక్క రోజు నన్ను నిలబెట్టొద్దు" అన్నాను. మీ ఇంట్లోవాళ్లకు దర్శనం నేను చూసుకుంటానని కూడా కలిపాను. ఆయన అడక్కుండానే కలిపాను.

"అయ్యో, అంతగా చెప్పాలా సార్!" అన్నాడు.

చెప్పినట్టే చేశాడు. మేం రన్‌వే దగ్గరకు చేరగానే అనుమతి వచ్చింది. దిగడానికి దాదాపు కిందికి వచ్చేసిన ఒక విమానాన్ని మళ్లీ పైకి లేపి, వరస చివరకు తోసేశాడు. దాని పైలట్ రేడియోలో మర్యాదగానే కారణం అడిగాడు. "ట్రాఫిక్" అన్నాడు మనవాడు. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ల కసి తీరినట్టనిపించింది.

మూడింటికే నాయన మంచం పక్కన ఉన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వాకిలి వైపే చూస్తున్నాడు. "పాప యాడుండాది రా?" అని ఎన్నిసార్లు అడిగాడో. వస్తోంది అంటూ వచ్చాను. ఆరింటికి స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే కూడా తల తిప్పి చూశాడు. కళ్లలో నీళ్లు.

ఏడింటికి చెల్లెలు బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. "నాయన్ని తీస్కపోయినారా?" అని అక్కడే కూలబడింది.

"రైలు ఏమైంది?" అన్నాను.

"పది నిమిషాల్లో తప్పిపోయినాదన్నా. దిగతా ఉండిన ఇమానాన్ని మళ్లీ పైకి లేపినారు. అర్ధగంట గాల్లో తిప్పినారు. ఎవుడో మంత్రి పోయింటాడు."

"ఎన్ని గంటలకు?"

"ఒంటిగంటన్నర. కింద రన్‌వే కనిపిస్తా ఉండె."

నేను బయల్దేరింది సరిగ్గా ఒంటిగంటన్నరకు. ఆమెకు మంచినీళ్లు తెచ్చే మిషతో అక్కడినుంచి లేచి వెళ్లాను.

నాయన బతికాడు. చెల్లెలు మాత్రం ఆ సాయంత్రాన్ని మర్చిపోలేదు. ఆయన తనకోసం ఏడ్చాడన్నది ఆమెకు ఇప్పటికీ ముల్లే. ఏడాది తర్వాత ముగ్గురం భోజనానికి కూర్చున్నప్పుడు మళ్లీ ఎత్తింది. "నువ్వు పైలట్టువి గదన్నా. ఆ మంత్రి ఎవుడో కనుక్కోలేవా?"

"కనుక్కుంటాలేమ్మా" అన్నాను.

వాడు నాశనమైపోవాలని ఆమె తిట్టింది. నాయన కూడా నాలుగు తిట్లు తిట్టాడు. నేనూ తిట్టాను, ఇద్దరికంటే గట్టిగా.