తగ్గిందన్న మాట

మా మేనత్తకు షుగరు. అరకు నుంచి ఆటో వెళ్లినంత దూరం వెళ్లి, ఆపైన కాఫీ తోటల్లోంచి నడిస్తే ఆమె ఊరు వస్తుంది. అలాంటి ఊళ్ల కోసమే ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. మీటరులో వచ్చిన అంకె పెడితే ఇన్సులిన్ ఎంత వేయాలో చెప్పేది. సంతకు దిగినవాళ్లు పై ఊళ్లకు మందులు పట్టుకెళ్లేవారు. బడి చదువు మధ్యలో ఆగినా, లైబ్రరీలో ఆరోగ్యం పుస్తకాల బీరువా మొత్తం చదివినవాణ్ణి కనుక, ఏం తినకూడదో రాసే పని నాకిచ్చారు. అత్త కోడలు అవి చదివి ఇంట్లో బెల్లం కూడా ఉంచేది కాదు.

ఒక సంత రోజు లైబ్రరీ నుంచి బయటికొచ్చి ఫోన్ చూస్తే గ్రూపు నిండా పువ్వులు, చప్పట్లు. వాటికి ముందున్న వాయిస్ మెసేజ్ నొక్కితే కోడలి గొంతు వినిపించింది: "అత్తకి సుగరు బాగా తగ్గిపోనాది. ఏటి సెయ్యాల?"

జ్వరం తగ్గితే మంచిది, నొప్పి తగ్గితే మంచిది. తగ్గిందంటే కంగారు పడాలని మాలో ఎవరికి తోస్తుంది? "ఏటి సేత్తావు, పాయసం ఒండి అందరికీ ఎట్టు" అని ఒకాయన వేళాకోళమాడాడు. ఆ సమయానికి అత్తకు కావలసిన మందు అదే. పక్కన నవ్వు బొమ్మలుంటే అది మందని ఎవరనుకుంటారు?

షుగరు మరీ పడిపోతే ప్రాణం మీదకొస్తుందని చదివి ఉన్నాను. వెంటనే నర్సమ్మకు ఫోన్ చేశాను. పిల్లలకు టీకాలేస్తూ ఆమె గ్రూపే చూడలేదు. కోడలు మాత్రం సిగ్నల్ అందే గట్టు మీద జవాబు కోసం ఇంకా నిలబడే ఉంది. పక్కింట్లో బెల్లం అడిగి అత్త చిగుళ్లకు రుద్దమని నర్సమ్మ ఆమెకు ఫోన్‌లో చెప్పింది. అత్తకు తెలివొచ్చింది. కానీ ఆలోపే తూలి పడి, పొయ్యి నిప్పుల మీద పాదం కాల్చుకుంది.

నేను అత్తను చూడ్డానికి వెళ్లేసరికి కోడలు గ్రూపు నుంచి బయటికొచ్చేసింది.

"నేను అడిగినాను అన్నా. మీరందరూ పువ్వులేసినారు. బతికున్న మనిసికి."

ఇన్సులిన్ మానొద్దని అత్తకు నచ్చజెప్పబోయాను. మోతాదు ఎక్కువైన రోజు అలా అవుతుందని, అంత మాత్రాన మందు చెడ్డది కాదని, నేను చదివిందంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఆ సూదే నన్ను పడగొట్టినాది అల్లుడా. నువ్వు సదువుకున్నోడివి, నువ్వేసుకో."

కోడలు నవ్వలేదు. ఇప్పుడు గ్రూపులో 'తగ్గింది' అనడం నర్సమ్మ మాన్పించింది. 'పడిపోయింది' అనాలి. ఆ మాట వినగానే ఎవరో ఒకరు బెల్లం పెట్టమంటారు. ఆ కొత్త అలవాటు వల్ల ఒకరిద్దరు గట్టెక్కారు కూడా. ఆ సంగతి మేనత్త ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పటికీ ఆమె సూది వేయించుకోదు. నేను వెళితే పుండు మానని పాదాన్ని చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుని, ఈ ఏడు కాఫీ పళ్లు ఎలా కాశాయో చెబుతుంది.