రెండో పాదం లేని పాట

బావకు ఉన్న జబ్బల్లా ఒక్కటే. పాట ఎత్తుకుంటాడు, ముగించడు. రోజూ తెల్లవారగానే మొహం కడుక్కుని, తూర్పుకు తిరిగి చేతులు జోడించి, చుట్టుపక్కల నాలుగిళ్లూ ఉలిక్కిపడేలా అందుకుంటాడు:

"దారి చూపే దేవుడా, నా దరినే ఉండరా!"

అంతే. రెండో పాదం ఉండదు. కాసేపు ఎవరికోసమో ఆగినట్టు ఆగి, కాఫీకి వెళ్లిపోతాడు.

పగలంతా కంటికి భూతద్దం పెట్టుకుని గడియారాలు బాగుచేసే నెమ్మదస్తుడు, పాటను మాత్రం ఒంటికాలి మీద నిలబెట్టి ఎందుకు పోతాడో అదే ఇంట్లో ఉండే బావమరిదికి అంతుబట్టేది కాదు. బావమరిది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. కామా తప్పిపోతేనే అన్నం సయించని మనిషి, సగం పాటను ఎలా భరిస్తాడు? రెండో పాదం అతనికి కంఠతా వచ్చు. కానీ నత్తి. చిన్నప్పుడు బళ్లో పిల్లలు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. అందుకే నలుగురిలో నోరు విప్పడు.

ఇద్దరూ సైకిళ్లకు గుడారం, దుప్పట్లు, గిన్నెలు కట్టుకుని దూరప్రయాణం పెట్టుకున్నారు. ఆ రోజు దాటాల్సింది ఎలుగుబంట్లు తిరిగే అడవి.

"సద్దు చేస్తూ పోవాలి," అన్నాడు బావ. "వాటి వాకిట్లోంచి పోతూ పలకరించకపోతే ఎలా? మన గొంతు వింటే అవే తప్పుకుంటాయి. చప్పుడు లేకుండా ఎదురుపడితేనే బెదిరి మీద పడతాయి."

ఇక ప్రతి మలుపులోనూ "దారి చూపే దేవుడా!" ఆ తర్వాత నిశ్శబ్దం. బావ వెనక్కి తిరిగి చూస్తాడు. బావమరిది సైకిలు చైను చూసుకుంటాడు.

చివరికి ఉండబట్టలేక అడిగేశాడు. "బా... బావా, మి... మిగతాది?"

"ఏ మిగతాది?"

"పా... పాటలో."

"ఇంకా ఉందా?" అని అమాయకంగా మొహం పెట్టి తొక్కుకుంటూ పోయాడు బావ. బావమరిది బుర్ర గిర్రున తిరిగింది. ఈయనకు పాట రాదా, మతి లేదా?

మధ్యాహ్నానికి బావ గొంతు తుప్పుపట్టిన తలుపు బందులా కిర్రుమంది. ఆనక అదీ లేదు.

సరిగ్గా అప్పుడే, దూరంగా పళ్లపొదల దగ్గర నల్లగా ఏదో కదిలింది. తల్లి ఎలుగు. పక్కనే పిల్ల. ఇద్దరూ సైకిళ్లు దిగి కొయ్యబారిపోయారు. బావ ఒక చెయ్యి వెనక సంచిలో పెట్టి, రెండోది పైకి లేపి, గుసగుసగా అన్నాడు.

"ఎలుగెత్తు!"

బావమరిది తల్లి ఎలుగు వైపు చూశాడు. "ఎ... ఎత్తాలా? దా... దాన్నా?"

"దాన్ని కాదురా నాయనా, గొంతు! గొంతెత్తి పాడు! నాకు పోయింది!"

బావమరిది కళ్లు గట్టిగా మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు.

"తోడు నీవై ఉండగా, ఈ దడుపు నాకేలరా!"

అడవి ఖంగుమంది. నత్తి జాడే లేదు. తల్లి ఎలుగు తలెత్తి విని, తప్పుల్లేవన్నట్టు ఊపి, పిల్లను వెంటేసుకుని కొండెక్కిపోయింది.

బావ సంచిలోంచి చెయ్యి తీశాడు. ఆ చేతిలో ఇంత పొడుగు బూర. ఊదితే మూడు కొండలకు వినిపించేది.

"అ... అది ఉండగా న... నన్నెందుకు పాడమన్నావ్?"

"ఇది ఊదితే నువ్వు పాడేవాడివా?" బావ గొంతు గంటలా మోగింది. "స్నానాలగదిలో నత్తి లేకుండా పాడతావని మీ అక్క పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. అప్పట్నుంచీ రెండో పాదం నీకోసం ఖాళీగా అట్టేపెట్టాను. ఒక్కరోజన్నా అందుకున్నావా?"

"గొ... గొంతు పోలేదా?"

"పోయింది. దేవుడి దయ, ఇప్పుడే వచ్చింది."

బావమరిదికి ఏడవాలో, నవ్వాలో, ఆ బూరతో ఒక్కటి ఇవ్వాలో తెలియలేదు. బావ సైకిలెక్కి, కాస్త సిగ్గుపడుతూ దగ్గరకు వచ్చాడు.

"ఒక్క సాయం చెయ్యి, బావమరిదీ. ఆ రెండో పాదం ఇంకొక్కసారి పాడవూ? ఇన్నేళ్లూ నీకని వదిలేసి, నిజంగానే మర్చిపోయాను."