మూరమ్మ కొలబద్ద

మూరమ్మకు కోపం ఎక్కువని సరస్సు ఒడ్డున ఎవరినడిగినా చెప్తారు. అటూ ఇటూ చూసుకుని, గొంతు తగ్గించి మరీ చెప్తారు. చేపలు కోసే షెడ్డులో నలభై ఏళ్ళుగా మూడో బల్ల ఆవిడది. కత్తి ఆడే తీరును బట్టి ఆ రోజు ఆవిడ మనసెలా ఉందో పక్క బల్లవాళ్ళకు తెలిసిపోతుంది. మామూలు రోజుల్లో ఆ కత్తికి చప్పుడే ఉండదు. కోపం వచ్చిననాడు బల్ల అదురుతుంది. తొమ్మిదేళ్ళ నుంచి ఆ బల్ల అదురుతూనే ఉంది.

ఆవిడ అసలు పేరు సంఘం రిజిస్టరులో ఎక్కడో ఉంది, ఎవరికీ గుర్తులేదు. ఈ పేరు ఆవిడ చేతి వల్ల వచ్చింది. ఆవిడకు ఇరవై రెండేళ్ళప్పుడు పడవలవాళ్ళు పిల్లచేపల్ని కూడా వదలకుండా ఊడ్చుకొచ్చేవారు. వేలెడంత పిల్లల్ని కోసీ కోసీ ఒళ్ళు మండి, ఒకనాడు సంఘం సమావేశంలో లేచి నిలబడింది. చొక్కా చెయ్యి పైకి లాక్కుని మోచెయ్యి బల్ల మీద ఆనించింది.

"మోచేతి నుంచి వేలి కొస దాకా ఇదిగో నా మూర. ఇంతకన్నా పొట్టి చేప నా బల్ల మీదికొస్తే కొయ్యను. తెచ్చినవాడి మొహాన కొడతాను!"

అందరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక మాటలో న్యాయం ఉందనిపించింది. వడ్రంగి ఒక టేకు కర్ర మీద ఆవిడ చెయ్యి పెట్టించి గీత గీశాడు. ఆ గీతకన్నా పొట్టి చేప తిరిగి నీళ్ళలోకి, పొడుగు చేప బల్ల మీదికి. చేపల ఆఫీసువాళ్ళు దాన్నే రూలు చేసి కర్ర మీద ముద్ర వేశారు. ఈ సరస్సును కాపాడింది నా చెయ్యేనని ఆవిడ చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకుంది. ఇప్పుడు ఆ గొప్పలు గుర్తొస్తే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ సరస్సులో దొరచేప అని ఒక జాతి ఉంది. ఆ రోజుల్లో అది నిజంగా దొరే. భుజాన వేసుకుని నడిస్తే తోక మోకాలికి తగిలేది. ముళ్ళచేపల్ని, పీతల్ని, నత్తల్ని ఒక్క గుటకలో మింగేది. అది మింగి అదుపులో పెట్టబట్టే మిగతా చిన్నజాతులకు బతకడానికి ఇంత చోటు దొరికేది. మూరమ్మ పనిలో చేరినప్పుడు పదకొండు రకాల చేపలు బల్ల మీదికొచ్చేవి. ఒకదాన్ని వీపు నుంచి కోయాలి, ఒకదాన్ని మొప్ప కింద నుంచి, ఇంకోదాన్ని తోక పట్టుకుని పైకి. పదకొండు కోతలూ ఆవిడకు కళ్ళు మూసుకుని వచ్చు. ఇప్పుడు వస్తున్నవి నాలుగే రకాలు. దొరచేప పొట్టిదైపోయి, నోరు చిన్నదైపోయి, ముళ్ళచేపను మింగలేకపోయింది. ముళ్ళచేపలు పుట్టలు పుట్టలుగా పెరిగి మిగతావాటి గుడ్లన్నీ తినేశాయి. మిగిలిన ఏడు కోతలూ మూరమ్మ చేతిలోనే ఉండిపోయాయి.

"దొరగారు గుమాస్తా అయిపోయారు వదినా" అని మరదలు నవ్వేది. మరదలిది నాలుగో బల్ల. మూరమ్మ తమ్ముడి పెళ్ళాం. ఆ తమ్ముడే సంఘం ప్రెసిడెంటు, సొంత పడవ ఉన్నవాడు.

దొరచేపకు ఎదుగూ బొదుగూ ఎందుకు లేదో తలా ఒకటి చెప్పారు. నీళ్ళు పాడయ్యాయన్నారు, ఎండలు ముదిరాయన్నారు. ఎవరేం చెప్పినా మూరమ్మ కొన్నాళ్ళు తలూపింది. తొమ్మిదేళ్ళ కిందట మాత్రం ఆవిడ తల ఊగడం ఆగిపోయింది.

వలలో చచ్చిపోయిన పొట్టి చేపల్ని అమ్మకూడదు, షెడ్డు వెనక గుంటలో తగలెయ్యాలని రూలు. ఆ పనీ మూరమ్మదే. ఒక రోజు బూడిద ఎత్తుతుంటే దొరచేప తలలోని రాయి ఒకటి చేతికి తగిలింది. ఈ చేపకు చెవుల దగ్గర వేలి గోరంత తెల్లరాళ్ళు రెండుంటాయి. చూడ్డానికి బాగుంటాయని వయసులో ఉన్నప్పటి నుంచీ ఆవిడ వాటిని బిస్కెట్ డబ్బాల్లో దాచుకునేది. డబ్బా మీద ఏడాది రాసి పెట్టుకునేది. ఈ రాయి మంటకు రెండుగా పగిలింది. పగిలినచోట చెట్టు మొద్దు మీద ఉన్నట్టు ఒకదాని చుట్టూ ఒకటి గోధుమరంగు గీతలు. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోయి తిండి దొరకనప్పుడు పడే గీతలవి, ఏడాదికొకటి. ఆవిడ వెలుతురుకు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిదే.

జానెడు చేపకు తొమ్మిదేళ్ళు! పసిపిల్లలని జాలిపడి ముప్పై ఏళ్ళుగా నీళ్ళలోకి వదిలేయించినవి పిల్లలు కావు, అమ్మమ్మలు.

ఇంటికెళ్ళి పాత డబ్బాలు దించి, రాళ్ళు ఒక్కొక్కటే మంటకు చూపించి పగలగొట్టింది. పాతకాలపు పెద్ద రాళ్ళలో మూడు గీతలు, నాలుగు గీతలు, ఒక్కోదాంట్లో అయిదు. అప్పుడు అర్థమైంది. ఒక ఇంటి పిల్లలే ఒక్కలా ఎదగరు, చేపలు మాత్రం ఎలా ఎదుగుతాయి? పుట్టుకతోనే కొన్ని గబగబా పెరిగేవి, కొన్ని పొట్టిగానే ఉండి తొందరగా గుడ్లు పెట్టేవి. గబగబా పెరిగినవి మూడో ఏడు నిండేసరికి కర్ర దాటేవి. దాటగానే, ఒక్కసారైనా గుడ్లు పెట్టకుండానే, మూరమ్మ కత్తి కిందికొచ్చేవి. పొట్టివి క్షేమంగా నీళ్ళలోకి వెళ్ళి ఏటేటా గుడ్లు పెట్టాయి. ఆ గుడ్లలోంచి పొట్టివే పుట్టాయి. గట్టి గింజలన్నీ వండుకు తినేసి, నాసిరకం గింజల్ని విత్తనాలకు దాచుకున్నట్టు అయింది. చేపల తప్పేమీ లేదు. మనుషులు ఏవి బతకనిచ్చారో అవే బతికాయి. ఎవరు బతకాలో తేల్చింది ఒక టేకు కర్ర, ఆ కర్ర ఆవిడ చెయ్యి.

ఆ రోజు మూరమ్మ తనను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

తర్వాత తమ్ముడి మీద పడింది. "పెద్దవాటిని కూడా వదలాలిరా. నడిమివే పట్టాలి. పొట్టివీ వద్దు, పెద్దవీ వద్దు."

"అది నీ చేతి కర్రే కదక్కా? ముప్పై ఏళ్ళు దాని గురించి ఊదరగొట్టింది నువ్వే. ఇప్పుడు నువ్వే కాదంటే జనం నా మొహాన నవ్వరూ?"

అందులో అబద్ధం లేకపోవడమే ఆవిడకు మండిపోయే సంగతి. ఎవరికి చెప్పినా చెవిన వేసుకోలేదు. తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి.

ఈ ఏడు కొత్త ఆఫీసరు వచ్చాడు. పదిలో తొమ్మిది చేపలు కర్రకు అందక నీళ్ళలోకి పోతున్నాయని పడవలవాళ్ళు మొరపెట్టుకున్నారు. ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశాడు. చేపలు కర్ర దాకా ఎదగకపోతే కర్రనే తగ్గిద్దామన్నాడు. సమావేశం శుక్రవారం పొద్దున, షెడ్డులోనే అన్నారు.

"ఇవాళ నాలుగు వేళ్ళు తగ్గిస్తారు. రేపు జానెడు, ఎల్లుండి బెత్తెడు. ఆఖరికి నీళ్ళు వడగట్టుకుని తాగుతారు!" మూరమ్మ కత్తి బల్లలో దిగిపోయింది. మరదలు దాన్ని ఊడబెరికి కడిగి ఇచ్చింది.

శుక్రవారం పొద్దున ఆవిడ డబ్బాలన్నీ మోసుకొచ్చి, పగిలిన రాళ్ళను ఏడాదుల వారీగా బల్ల మీద పరిచింది. ఆఫీసరు మంచివాడే, ఓపిగ్గా చూశాడు కూడా.

"బాగున్నాయమ్మా. కానీ ఈ రాయి ఏ చేపది, ఆ చేప పొడవెంత, ఎక్కడైనా రాసి ఉందా? డబ్బా మీద ఏడాది ఒక్కటే ఉంటే పైవాళ్ళు ఒప్పుకోరు. పెద్దచేప ఒకటి నా కళ్ళ ముందు కోసి చూపించగలిగితే వేరే మాట."

"ఇప్పుడు కర్రను అంటీ అంటనట్టు దాటేవన్నీ ముసలివే సార్. పెద్దచేప కనపడి తొమ్మిదేళ్ళయింది. ఎక్కడి నుంచి తెమ్మంటారు?"

అప్పుడే రేవులో గోల మొదలైంది. తమ్ముడి పడవ ఒడ్డుకొచ్చింది. ఇద్దరు మనుషులు ఒక నీళ్ళతొట్టిని మోయలేక మోస్తూ షెడ్డులోకి తెచ్చారు. తొట్టిలో దొరచేప ఉంది. మూరన్నర పైమాటే. తొట్టి చాలక ఒంగి పడుకుంది, తోక పై అంచున చిన్న చీలిక. మొప్పలు ఆడుతున్నాయి. జనం ఫోన్లు తీసి మీదపడ్డారు. తమ్ముడి మొహం వెలిగిపోతోంది.

"చూశావా అక్కా! పెద్దవి లేవన్నావుగా!"

ఆఫీసరు ముందుకొచ్చాడు. "ఇంకేంటమ్మా, అడగ్గానే వచ్చింది. తల కోయండి. మీరు చెప్పినట్టు దీని వయసు తక్కువే అయితే కర్ర జోలికి రాను. పెద్దవాటిని వదలాలని నేనే పైకి రాస్తాను. మాటిస్తున్నా."

మూరమ్మ కత్తి తీసుకుని తొట్టి దగ్గర కూర్చుంది. ఎడమ చెయ్యి చేప తల మీద వేసింది. కత్తి ఎక్కడ దిగితే రాయి పగలకుండా బయటికొస్తుందో ఆ చేతికి తెలుసు. మూడు గీతలుంటాయి, మహా అయితే నాలుగు. తొమ్మిదేళ్ళుగా ఒక్క తల కోసం ఎదురుచూసింది. తనను పిచ్చిదన్న ప్రతివాడి నోరూ ఇప్పుడు మూయించవచ్చు. ఆవిడ చెయ్యి కిందికి జరిగింది. కడుపు నిండా గుడ్లు, వేళ్ళకు బరువుగా తగిలాయి.

అప్పుడు ఆవిడకు వచ్చిన కోపం అంతకు ముందు ఎప్పుడూ వచ్చింది కాదు. ఆఫీసరు మీద కాదు, తమ్ముడి మీద కూడా కాదు. చంపి బల్ల మీద పెడితే తప్ప దేన్నీ నమ్మని తెలివి మీద. ఇరవై రెండేళ్ళప్పుడు, బల్ల మీదికొచ్చిన చేపల్నే చూసి కర్ర పెట్టించిన నాడు, తనకూ ఉన్న తెలివే అది.

కత్తి పక్కన పడేసి లేచింది. "ఏమే, ఆ చివర పట్టు" అంది మరదలితో.

మరదలు మొగుడి వైపు చూసింది. ఆయన కళ్ళు ఉరుముతున్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, కొంగు బొడ్లో దోపుకుని తొట్టి చివర పట్టుకుంది. ఇద్దరాడవాళ్ళూ రొప్పుకుంటూ షెడ్డు మెట్లు దిగారు. ఎవరికీ ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే తొట్టి ఒరిగింది. చేప నీళ్ళలో ఒక్క క్షణం కదలకుండా ఉండి, తోక ఒకసారి విదిల్చి లోపలికి వెళ్ళిపోయింది.

"పిచ్చి పట్టిందా నీకు!" తమ్ముడు మెట్ల మీద నుంచే అరిచాడు. "చేతికొచ్చిన రుజువు పారేశావు! తొమ్మిదేళ్ళు నా ప్రాణం తీసింది ఇందుకేనా?"

"దాన్ని చంపి రూలు తెచ్చుకుంటే, తర్వాత దేన్ని వదలమంటావురా ఆ రూలు పెట్టి? నిన్నా?"

ఆఫీసరు తల పట్టుకున్నాడు. "ఇప్పుడు నేనేం రాయనమ్మా? రుజువేది?"

"నీళ్ళల్లో ఉంది. రాసుకోండి."

అదేదీ ఆయన రాసుకోలేదు. చేతులెత్తమన్నారు. మూడో బల్లా నాలుగో బల్లా తప్ప అందరూ ఎత్తారు. రంపం తెచ్చి కర్రను నాలుగు వేళ్ళ మేర కోసేశారు. తెగిపడిన ముక్కను మూరమ్మ తీసుకుని, రాళ్ళతోపాటు డబ్బాలో వేసి మూత బిగించింది. ఆ సాయంత్రం ఆవిడ ఏడ్చిందని మరదలు తర్వాత ఎవరికో చెప్పింది. కోపంతో ఏడ్చిందని కూడా చెప్పింది.

తర్వాత నాలుగు నెలలు ఆవిడ తమ్ముడితో మాట్లాడలేదు. ఆయన ట్రేలు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, ఆవిడ తల ఎత్తకుండా కోసేది.

ఒక పొద్దున ఆయన ట్రే పెట్టాక వెళ్ళలేదు. బల్ల అంచు గోకుతూ నిలబడ్డాడు.

"పడింది" అన్నాడు.

"ఏది?" నాలుగు నెలల్లో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

"అదే. తోక మీద చీలిక ఉన్నది. నీ చెయ్యి పెట్టినచోటే పెట్టి చూశాను. కడుపు ఖాళీగా ఉంది. గుడ్లు పెట్టేసింది."

మూరమ్మ కత్తి ఆగింది. "ఏం చేశావ్?"

ఆయన పక్క పడవలవాళ్ళ వైపు ఒకసారి చూసి, గొంతు కాస్త పెంచాడు. "జారిపోయింది."

తమ్ముడు పదేళ్ళవాడప్పటి నుంచి వల లాగుతున్నాడు. ఆయన చేతిలోంచి జారిన చేప లేదని సరస్సు అంతా చెప్పుకుంటారు. మూరమ్మ కాసేపు ఆయన చేతులవైపు చూసింది.

"దద్దమ్మా! మూరన్నర చేపను రెండు చేతులతో పట్టుకోలేవా? అందుకేనా నిన్ను పెంచి పెద్దచేసింది? ప్రెసిడెంటట ప్రెసిడెంటు!" షెడ్డు దద్దరిల్లేలా తిట్టింది. పడవలవాళ్ళు పడీపడీ నవ్వారు. తమ్ముడు తల వంచుకుని నిలబడి తిట్లన్నీ తిన్నాడు.

ఆ నెలాఖరులోపు ఇంకో ఇద్దరు పడవలవాళ్ళు వచ్చి, తమ చేతుల్లోంచి కూడా పెద్దవి జారిపోయాయని మూడో బల్ల దగ్గర మెల్లగా చెప్పారు. మూరమ్మ ఆ ఇద్దరినీ కూడా అదే గొంతుతో తిట్టింది.