డిస్కు మీద కుంకుమ బొట్టు

మా ఆవిడ బొట్టు పెట్టి డిస్కు పాడుచేసిందని గుడివాడ బావ అన్న మాట ఇన్నేళ్ళయినా నా గొంతు దిగలేదు. నిన్న బీరువాలో ఆ డిస్కు కనబడింది. కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

దివిసీమలో నాతో పెరిగినవాళ్ళారా, గుర్తుందా? కొత్త సైకిలైనా, రేడియో అయినా, ఆయిల్ ఇంజనైనా బొట్టు పెట్టందే మన అమ్మలు చెయ్యి వేయనిచ్చేవారు కాదు. ఇంజను నూనె వాసనలో కర్పూరం వాసన కలిసేది.

మా ఆవిడా అదే చేసింది. బందరులో విడిభాగాలతో బిగించిన మా కంప్యూటరుకి ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాలని, బావ కొనుక్కున్న పెద్ద కంపెనీ కంప్యూటరుతో పాటు వచ్చిన డిస్కు అడిగి తెచ్చాను. అక్షరాలున్న వైపు ఆవిడ చిన్న బొట్టు పెట్టింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో పడి, పని ఆగిపోయింది.

బావ మా వసారాలో అందరి ముందూ నవ్వాడు. "ఏం చెల్లెమ్మా, కొబ్బరికాయ కూడా కొట్టకపోయావా? బొట్టు పెట్టి తగలేశావు, ఇక నువ్వే ఉంచుకో!"

తర్వాత ఇంట్లోకి మిక్సీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది. ఆవిడ దేనికీ బొట్టు పెట్టలేదు.

ఇవాళ డిస్కు పామర్రు రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. అక్కడున్న ఆ కంపెనీ పాత కంప్యూటర్లో పెడితే చక్కగా ఎక్కింది.

"వాళ్ళ కంప్యూటర్లోనే ఎక్కుద్దండీ. వేరేదాంట్లో ఎక్కకుండా కంపెనీవాళ్ళే తాళం వేసి ఇస్తారు," అన్నాడు షాపతను.

బావగారూ, నేను పెద్దగా చదువుకోలేదు, రాతలో తప్పులుంటే నవ్వుకోండి. ఈ ఆదివారం సాయంత్రం లోపు మా వసారాలోకి వచ్చి, ఆ నవ్విన నోటితోనే మా ఆవిడకి జవాబు చెప్పాలి. బొట్టు తుడవకుండా ఉంచాను.